సైలెన్సరు చప్పుడు: కోవిల్‌పట్టి, విరుదునగర్ రోడ్డు మీద మన బండ్ల కథ

సైలెన్సరు అన్న పేరులోనే ఒక తమాషా ఉంది. చప్పుడు అణచడానికి పుట్టిన వస్తువు అది. మన కుర్రకారు వేలకి వేలు పోసి కొనేది మాత్రం చప్పుడు పెంచేదాన్ని. దాన్నీ సైలెన్సరనే పిలుస్తారు. మా ఇంట్లో మూడు తరాలుగా మోటారు సైకిళ్ళు ఉన్నాయి, మూడు తరాలుగా ఈ గొట్టం మీద వాదులాటా ఉంది. మా పిల్లల్లో ఒకడు తన టూరింగు బండికి గొట్టం మారుస్తానని కూర్చున్నప్పుడు అది మళ్ళీ లేచింది. ఆ రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, పాత కాగితాలు తిరగేసి, మెకానిక్కుల దగ్గర నిలబడి తెలుసుకున్న సంగతులు ఇవి. బెంగుళూరులో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా మన ఇళ్ళల్లో బండి పిచ్చోడు ఒకడైనా ఉంటాడు కాబట్టి మీకూ పనికొస్తాయి.

ముందు ఊరు. మా వాళ్ళు సగం మంది కోవిల్‌పట్టిలో, సగం మంది విరుదునగర్‌లో స్థిరపడినారు. మధ్యలో సాత్తూరు. యాభై కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. ఇప్పుడు అదంతా శ్రీనగర్ నించి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి. పాత లెక్కలో 7వ నంబరు. 3,700 కిలోమీటర్లు దాటిన ఆ రోడ్డుకి మేము ఉండేది తోక చివర. కాశ్మీరు నించి కన్యాకుమారికి బండి మీద పోయే వాళ్ళంతా మా గుమ్మం ముందునించే పోవాలి. విరుదునగర్‌లో నూనెలో వేయించిన పరోటా తిని, సాత్తూరులో కారాసేవు కట్టించుకొని, కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి కొనుక్కొని పోతారు. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కాగితాల మీద మాత్రం మా రెండు ఊళ్ళు వేరు వేరు జిల్లాలు. కోవిల్‌పట్టి 1986 దాకా తిరునెల్వేలి జిల్లా, తర్వాత తూత్తుకుడి. విరుదునగర్ 1985 దాకా రామనాథపురం జిల్లా. నేల మాత్రం ఒకటే, నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటారు. నాయక రాజుల కాలంలో ఉత్తరాన్నించి దిగి వచ్చిన తెలుగు వాళ్ళు పత్తి వేసుకొని బతికింది ఈ నేల మీదే. ఆ వలస కథని కి. రాజనారాయణన్ తమిళంలో నవలగా రాసినారు. ఆయనది కోవిల్‌పట్టికి దక్షిణాన తిరునెల్వేలి రోడ్డు మీద ఉండే ఇడైసేవల్, ఇంటి భాష తెలుగు. ఆ కథకి కొనసాగింపుగా రాసిన నవలకి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన కథ మనం తమిళంలో చదువుకోవలసి వచ్చిందని మా ఇంట్లో కొందరికి బాధ. కనీసం ఎవరో ఒకరు రాసినారు కదా అని మిగతా వాళ్ళకు సంతోషం. అది వేరే వాదన, ఇప్పుడు వద్దు.

ఆ రేగడి మీద మొదట వినిపించిన యంత్రం చప్పుడు మోటారు సైకిలుది కాదు, బావి గట్టు మీది ఆయిల్ ఇంజనుది. ఒకే సిలిండరు, పక్కన బండరాయంత చక్రం, పైకి లేచిన పొగగొట్టం. గొట్టం మూతిలో వాన పడకుండా చిన్న రేకు తగిలించేవాళ్ళు. ప్రతి పేలుడుకీ ఆ రేకు లేచి టక్కుమని పడేది. రాత్రిపూట ఎవరి తోటలో నీళ్ళు తోడుతున్నారో ఆ చప్పుడుని బట్టి మా అవ్వ చెప్పేసేది. కామరాజర్, అదే విరుదునగర్ బిడ్డ, 1954 నించి 1963 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో పల్లెలకు కరెంటు జోరుగా వచ్చింది. మోటారు పంపులు వచ్చినాక ఆ టకటక మెల్లగా తగ్గిపోయింది. బులెట్టు బండి చప్పుడు మా వాళ్ళకి అంత తొందరగా నచ్చడానికి కారణం ఇదేనని మా అనుమానం. రెండూ నింపాదిగా తిరిగే ఒంటి సిలిండరు ఇంజన్లే. చెవికి ముందే అలవాటైన తాళం.

మోటారు సైకిలు గురించి తమిళనాడు తెలుగు వాళ్ళు రాసేటప్పుడు జి.డి. నాయుడు గారిని దాటి పోకూడదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టినారు. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద పోవడం చూసి, ఆ బండి కొనాలని హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టినారని, కొన్న తర్వాత తొక్కడం కంటే ముందు దాన్ని మొత్తం విప్పి మళ్ళీ బిగించినారని చెప్పుకుంటారు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు కంపెనీ నడిపినారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసినారు. ఈ కథ మా ఇంట్లో చెప్పేది ఎందుకంటే, బండి విప్పే కుర్రాళ్ళందరూ జి.డి. నాయుడు పేరే చెప్పి తప్పించుకుంటారు. ఆయన విప్పింది ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడానికి. వీళ్ళు విప్పేది చాలాసార్లు పక్కింటోడికి వినిపించడానికి. రెంటికీ ఒకటే స్పానరు, ఏం చేస్తాం.

ఇక బులెట్టు. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో పుట్టిన బండి అది. 1950ల్లో సరిహద్దు గస్తీకి మన సైన్యం ఆ 350 బండ్లను ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళు రెడిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినారు, ఫ్యాక్టరీ తిరువొట్రియూరులో. మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్ళు, కొన్నేళ్ళకే అన్నీ ఇక్కడే చేసినారు. 1970కల్లా ఇంగ్లండు కంపెనీ మూతపడింది. మద్రాసు బండి మాత్రం ఆగలేదు. ఇంగ్లీషు వాడి బండికి తమిళనాడు మెట్టినిల్లు కాదు, ఇప్పుడు పుట్టినిల్లే అయిపోయింది.

మా తాత 1974లో సెకండుహ్యాండులో ఒకటి కొన్నాడు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టార్టు చేయడం ఒక పూజ లాంటిది. తాళం తిప్పి ఆంపియర్ మీటరు ముల్లు చూడాలి, డీకంప్రెషరు లివరు నొక్కి పిస్టన్‌ని సరైన చోటికి తేవాలి, అప్పుడు కిక్కు. తొందరపడి తన్నితే అది తిరిగి తంతుంది. పత్తి బేరానికి విరుదునగర్ పోయి వచ్చేటప్పుడు ఊరి చివర వంతెన దగ్గరే బండి చప్పుడు పసిగట్టి అవ్వ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. అది ఊళ్ళో ఒక్కటే బులెట్టు కాదు. అయినా తాత బండిని మాత్రం ఆమె ఎప్పుడూ పొరపాటు పడేది కాదట.

దానికి కారణం ఉంది. ఆ ఇంజను లోపలి కొలత 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90. లెక్క వేస్తే 346 సీసీ. నడక పొడుగు, చక్రం బరువు, కాబట్టి నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 800 చుట్లు తిరిగినా ఆగిపోదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకొకసారి పేలుడు. అంటే నిమిషానికి 400, సెకనుకి ఆరేడు. ఆ వేగంలో మన చెవి ప్రతి దెబ్బనీ విడిగా లెక్కపెట్టగలదు. అదే 3,000 చుట్ల దగ్గర సెకనుకి 25 దెబ్బలు. అప్పుడు దెబ్బలు కలిసిపోయి మూలుగు అవుతుంది. అందుకే బులెట్టు అందం అంతా మెల్లగా పోయేటప్పుడే. పాయింట్లు ఎట్లా పెట్టినారు, టప్పెట్ ఎంత వదులుంది, సైలెన్సరు లోపల బఫుల్ ఎంత తిన్నది, వీటిని బట్టి ఒక్కో బండికి ఒక్కో తాళం. అవ్వ గుర్తు పట్టింది వీటినే.

సైలెన్సరు లోపల ఏముందో ఒక మాట. వాల్వు తెరుచుకోగానే వేడి వాయువు ఒక దెబ్బలాగా బెండు పైపులోకి దూకుతుంది. ఆ ఒత్తిడి అల పైపు చివరికి పోయి, అక్కడ వెడల్పైన చోటు దొరకగానే కొంత భాగం తిరిగి వెనక్కి వస్తుంది. ఈసారి అది తోసే అల కాదు, పీల్చే అల. వేడి గొట్టంలో అల సెకనుకి సుమారు 500 మీటర్లు పోతుందనుకోండి. ఒక మీటరు పైపులో పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతులు నాలుగు పడుతుంది. 3,000 చుట్ల దగ్గర ఆ టైములో క్రాంకు 72 డిగ్రీలు తిరుగుతుంది, 6,000 దగ్గర 144 డిగ్రీలు. పీల్చే అల సరిగ్గా వాల్వు మూసుకునే ముందు వస్తే మిగిలిన పొగని లాగేసి కొత్త గాలికి చోటు చేస్తుంది, వేరే టైములో వస్తే పనికిరాదు, ఒక్కోసారి అడ్డం కూడా పడుతుంది. అంటే ఏ గొట్టమైనా ఏదో ఒక వేగంలోనే మేలు చేస్తుంది. అన్ని వేగాల్లోనూ పవరు పెంచే గొట్టం అంటూ లేదు. ఎవరైనా ఉందంటే ఆ షాపులో టీ తాగి వచ్చేయండి.

చప్పుడు అణచడానికి రెండు దారులు. ఒకటి, డబ్బా లోపల గదులు కట్టి అలని అటూ ఇటూ తిప్పి అలిసిపోయేట్టు చేయడం. పాత పొడుగు బాటిలు సైలెన్సర్లన్నీ ఈ రకమే. రెండు, చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఉన్ని కూరడం. ఇప్పుడు ఫ్రీ ఫ్లో పేరుతో అమ్మేవి ఎక్కువగా ఇవి. దీంట్లో పొగకి అడ్డు తక్కువ, సన్నటి శబ్దాలను ఉన్ని తాగేస్తుంది, లావు శబ్దం బయటికి వస్తుంది. కొన్నాళ్ళకు ఉన్ని కాలిపోయి మూతిలోంచి దారాలుగా రాలుతుంది. అప్పుడు మిగిలేది ఖాళీ డబ్బా.

1980ల్లో మా చిన్నాయన తాత బండికి గోల్డ్‌స్టార్ సైలెన్సరు వేయించినాడు. ఇంగ్లండులో బీఎస్ఏ కంపెనీ గోల్డ్‌స్టార్ అనే రేసు బండికి ఉండేది ఆ ఆకారం. మన దేశంలో బులెట్ల కోసం దాన్ని చూసి వందల షెడ్లలో చేసినారు. ఆకారమే గోల్డ్‌స్టార్, లోపల ఏముందో చేసినోడికే తెలియాలి. అది వేసిన మొదటి రోజు చిన్నాయన విరుదునగర్ నించి తిరిగొస్తే అవ్వ నీళ్ళు పెట్టలేదు. ఎవరో పోలీసు బండి అనుకుందట. తాత ఆ రాత్రి ఒక్క మాటా మాట్లాడలేదు. చిన్నాయన కూడా దాన్ని తీయలేదు.

పవరు పెరిగిందా? ఆ ఇంజనుకి మొత్తం ఉన్నదే 18 గుర్రాలు. కంప్రెషన్ తక్కువ, క్యామ్ నిదానం, కార్బురేటరు చిన్నది. పొగ బయటికి పోకపోవడం దాని కష్టం కాదు, గాలి లోపలికి రావడమే కష్టం. మెయిన్ జెట్టు మార్చకుండా గొట్టం ఒక్కటే మారిస్తే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవుతుంది. ప్లగ్గు విప్పి చూస్తే కాఫీపొడి రంగులో ఉండాల్సింది తెల్లగా సున్నంలా కనిపిస్తుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు పటపటమని పేలుతుంది. కుర్రాళ్ళు దాన్ని రేసింగు చప్పుడంటారు. మంట ఇంజనులో కాకుండా గొట్టంలో మండుతోందని దాని అర్థం. చిన్నాయన ఒక నంబరు పెద్ద జెట్టు వేయించి సరిచేసుకున్నాడు. దాని తర్వాత లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్లు తగ్గిందని ఆయనే చెప్తాడు.

గొట్టంతో నిజంగా పవరు పుట్టించిన చరిత్ర వేరే చోట ఉంది, రెండు స్ట్రోకుల ఇంజన్లలో. అక్కడ పొగ పోయే దారి, కొత్త మిశ్రమం వచ్చే దారి ఒకేసారి తెరిచి ఉంటాయి. కొంత మిశ్రమం పొగతో పాటే బయటికి జారిపోతుంది. 1950ల్లో తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఈ గొట్టాన్ని చేప పొట్టలాగా ఉబ్బించి, చివర మళ్ళీ సన్నం చేసి, తిరిగి వచ్చే అల జారిపోయిన మిశ్రమాన్ని వెనక్కి నెట్టేట్టు లెక్క కుదిర్చినాడు. ఆ చిన్న ఇంజన్లు లీటరుకి 200 గుర్రాల లెక్క అందుకున్నాయి. 1961లో ఆ కంపెనీ రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం నుంచి అటునుంచి అటే పడమటికి పారిపోయి, ఆ రహస్యాన్ని జపాను సుజుకీకి చేర్చినాడు. ఒక పొగగొట్టం కోసం దేశం దాటి పోవడం! మా పిల్లకాయలకు ఈ కథ చెప్తే సినిమా తీయొచ్చు అంటారు.

మా వైపు రెండు స్ట్రోకుల బండ్లంటే మైసూరు జావా, తర్వాత పేరు మారిన యెజ్దీ. ఒకే సిలిండరుకి రెండు గొట్టాలు, రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 ఇంకో పిచ్చి. 98 సీసీ, 11 గుర్రాలు. దాని సైలెన్సరు లోపలి సన్నగొట్టం పీకేసి తిరిగిన కుర్రాళ్ళు మా వీధిలోనే నలుగురు ఉండేవాళ్ళు. చప్పుడు మూడింతలు, స్పీడు మాత్రం తగ్గింది. కాడెన్ లెక్క కట్టి పెట్టినదాన్ని వీళ్ళు సుత్తితో చెరిపేస్తే ఇంకేమవుతుంది? యెజ్దీ, ఆర్ఎక్స్ 100 రెండూ 1996లో ఆగిపోయినాయి.

గొట్టం మీద గొడవ మన దేశంలోనే మొదలైందని అనుకోవద్దు. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అని కారు, బండి పందేలకి పేరుపడిన ట్రాకు ఒకటి ఉండేది. 1920ల్లో చుట్టుపక్కల కాపురముండే వాళ్ళు నిద్ర పట్టడం లేదని కోర్టుకెక్కినారు. 1925 నించి అక్కడ పరిగెత్తే ప్రతి బండికీ నిర్ణీత కొలతల సైలెన్సరు తప్పనిసరి చేసినారు. దాన్ని బ్రూక్‌లాండ్స్ డబ్బా అని పిలిచేవాళ్ళు. రేసు బండ్లకే తప్పలేదు.

ఇప్పుడు మా పిల్లవాడి సంగతి. వాడిది హిమాలయన్, 411 సీసీ. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2016లో తెచ్చిన టూరింగు బండి. 24.3 గుర్రాలు, 6,500 చుట్ల దగ్గర. వాడి పథకం కన్యాకుమారి నించి లడాఖ్. బయల్దేరే ముందు మదురైలో ఒక షాపు వాడు గొట్టం మారిస్తే ఐదు గుర్రాలు పెరుగుతాయి, బరువు తగ్గుతుంది, చప్పుడు దుమ్ము లేపుతుంది అన్నాడట. మేము లెక్క వేసినాము. 24కి ఐదు అంటే ఐదో వంతు. గొట్టం ఒక్కటీ మార్చి అంత రావడం జరిగే పని కాదు. ఈ రకం ఒంటి సిలిండరుకి ఒక గుర్రం వస్తే గొప్ప. బరువు తగ్గుతుందన్నది మాత్రం నిజం. కంపెనీ సైలెన్సరు లోపల గదులు, రేకులు ఎక్కువ, కొన్ని కిలోలు ఉంటుంది. కానీ రెండు పెట్టెల సామాను, టెంటు, నీళ్ళ డబ్బా కట్టుకొని పోయే బండికి రెండు మూడు కిలోలు తగ్గి ఏం లాభం?

చిన్నాయన కాలానికీ వీడి కాలానికీ ఒక తేడా ఉంది. 2017లో బీఎస్ 4, 2020 ఏప్రిల్ నించి బీఎస్ 6 నియమాలు వచ్చినాక, గొట్టం అనేది ఊరికే గొట్టం కాదు. లోపల విషవాయువుల్ని కాల్చే క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటుంది, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సారు ఉంటుంది. సెన్సారు చెప్పినదాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలు కొలుస్తుంది. చివరి డబ్బా ఒక్కటే మారిస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది. కన్వర్టరు ఉన్న భాగమే కోసేసి ఖాళీ పైపు వెల్డింగు చేస్తే ఆ లెక్కలు చెడిపోతాయి, మీటరు మీద ఇంజను దీపం వెలుగుతుంది, వాసనకి కళ్ళు మండుతాయి. చెవికి వినబడని నష్టం అది, వెనక వచ్చే వాళ్ళ ఊపిరితిత్తులకి తెలుస్తుంది.

కొండల మాట కూడా వచ్చింది. ఖర్దుంగ్‌లా లాంటి కనుమల్లో, 5,300 మీటర్ల ఎత్తున, గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగమే. పాత కార్బురేటరు బండిని కోవిల్‌పట్టి వేడిలో ట్యూనింగు చేసుకొని అక్కడికి పోతే పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. ఇంజెక్షను బండి ఆ తేడాని తనే చూసుకుంటుంది, మనం దాన్ని కెలకకుండా ఉంటే.

చట్టం సంగతి మా విరుదునగర్ మామ చెప్పినాడు, ఆయనకి కోర్టు పని తెలుసు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 120వ నియమం ప్రకారం ప్రతి బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సరు ఉండాలి. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనానికి కంపెనీ పరీక్షలో హద్దు 80 డెసిబెల్స్. 1988 చట్టంలో 52వ సెక్షను కింద కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షనుని గట్టిగానే చదివింది. అదే ఏడు చట్టాన్ని సవరించినాక, బండి మార్చిన సొంతదారుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల దాకా జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, శబ్ద నియమాలు మీరి నడిపితే 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవడం. విశాఖపట్నంతో సహా చాలా ఊళ్ళల్లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించినారు. కన్యాకుమారి నించి లడాఖ్ అంటే పది రాష్ట్రాలు, ఎన్ని చెక్‌పోస్టులో. పైగా ప్రమాదం జరిగితే బండి మార్చినావు అని ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెట్టడానికి మనమే కారణం ఇచ్చినట్టు.

డెసిబెల్ అనేది మామూలు కొలత కాదు. 80 నించి 90 అంటే ఎనిమిదో వంతు పెరిగినట్టు కాదు, శబ్ద శక్తి పదింతలు. చెవికి మాత్రం సుమారు రెండింతలుగా వినిపిస్తుంది. ఈ లెక్కలు మా జిల్లా వాళ్ళకి వేరే రకంగా తెలుసు. శివకాశి విరుదునగర్ జిల్లాలోనే ఉంది. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చినప్పటి నించి మా వైపు నిప్పుతో బతికే ఊళ్ళే. దేశమంతా దీపావళికి కాల్చే టపాకాయకి, పేలిన చోటినించి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ హద్దు. దేశానికంతా చప్పుడు తయారుచేసి పంపేది మేమే. మా ఇంట్లో మటుకు చప్పుడు తగ్గించమని పిల్లలతో పోట్లాట. దీన్ని మా పిల్లవాడే ఎత్తి చూపినాడు. టపాకాయ ఏడాదికి ఒక రాత్రి కదరా, నీ బండి రోజూ కదా అని అత్త జవాబు చెప్పింది.

గొట్టం గట్టిగా మోగితే లారీవాళ్ళు వింటారు, ప్రాణం నిలబడుతుంది అన్నది వాడి ఆఖరి మాట. ఇది చాలామంది నమ్మే మాట. గొట్టం మూతి ఉండేది వెనక్కి. చప్పుడు బలంగా పోయేదీ వెనక్కే. మన ముందు అద్దాలెత్తి పాటలు పెట్టుకొని పోయే లారీ డ్రైవరుకి అది అందేసరికి మనం పక్కకి వచ్చేసి ఉంటాము. హారను ముందుకి చూస్తుంది, పగలు కూడా వెలిగే హెడ్‌లైటు ముందుకి చూస్తుంది. వాటికి ఖర్చు పెట్టమన్నాము.

చివరికి వాడి మనసు మారింది మా లెక్కలకు కాదు, చిన్నాయనను చూసి. ఆయనకి ఇప్పుడు డెబ్బై దాటినాయి. నలభై ఏళ్ళు బులెట్టు, దానిలో ముప్ఫై ఏళ్ళు గోల్డ్‌స్టారు. పగలు ఒక నూలు మిల్లులో స్పిన్నింగు ఖాతాలో పని. చెవులు చెడగొట్టింది మిల్లా బండా అంటే ఏ డాక్టరూ చెప్పలేడు, రెండూ కలిసే. గాలి మాట చాలామందికి తెలియదు. వంద స్పీడులో హెల్మెట్టు లోపల గాలి చప్పుడే 90 డెసిబెల్స్ దాటుతుంది. 85 డెసిబెల్స్ రోజుకి ఎనిమిది గంటలు దాటకూడదని, ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ టైము సగం చేసుకోవాలని అమెరికా ఆరోగ్య సంస్థ లెక్క. అంటే 94 దగ్గర ఒక గంట. దాని మీద గొట్టం మోత కూడా కలిపి రోజుకి పది గంటలు కూర్చుంటే?

చప్పుడుతో చెడే చెవి ఒకేసారి చెడదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. బులెట్టు దెబ్బ లావు శబ్దం, అది చివరి దాకా వినిపిస్తుంది. మాటల్లో స, శ, త, చ లాంటివి సన్నవి, అవే ముందు పోతాయి. చిన్నాయనకి వీధిలో పోయే బులెట్టు వినిపిస్తుంది, అది ఏ ఏటి మోడలో కూడా చెప్తాడు. మనవరాలు పక్కన కూర్చొని చెప్పే మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఆ పిల్ల బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు నేర్చుకునేది ఆయన దగ్గరే. మా ఇంటి పాత మాటలు, నాగలికి, బండికి, పత్తి పనికి మనం వాడిన మాటలు సరిగ్గా పలికేవాడు ఇంట్లో ఇప్పుడు ఆయన ఒక్కడే. పిల్ల తప్పుగా పలికితే దిద్దాలి కదా. దిద్దాలంటే ముందు ఆ తప్పు వినబడాలి. అది ఆయనకి వినబడదు. పిల్లకు విసుగొచ్చి తమిళంలోకి మారిపోతుంది. మా వాడు ఒక ఆదివారం సాయంత్రమంతా ఆ ఇద్దర్నీ చూస్తూ కూర్చున్నాడు. మరునాడు షాపుకి ఫోను చేసి వద్దన్నాడు.

ఆ డబ్బులో కొంత వెనక టైరుకి, చైను సెట్టుకి పెట్టినాడు. నురుగు ఇయర్‌ప్లగ్గులు ఒక డబ్బా కొన్నాడు. అవి పెట్టుకుంటే హారను వినబడదేమోనని మొదట భయపడినాడు, గాలి మోత తగ్గి హారను ఇంకా తేటగా తెలుస్తోందని తర్వాత చెప్పినాడు. కంపెనీ సైలెన్సరుతోనే లడాఖ్ పోయి వచ్చినాడు.

తాత బులెట్టు ఇంకా మా దగ్గరే ఉంది. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, ఇన్స్పెక్టరు ముందు నిలబెట్టాలి. గోల్డ్‌స్టారుతో తీసుకుపోతే వెనక్కి పంపుతారు. అందుకని మదురైలో పాత సామాన్ల అంగడిలో వెతికి పొడుగు బాటిలు సైలెన్సరు ఒకటి పట్టినాము. లోపలి బఫుల్ బాగుంది, బయట మెరుపు పోయింది. విరుదునగర్‌లో పాత బండ్లు చేసే మెకానిక్కు బెండు పైపు కొలత సరిచూసి ఇచ్చినాడు. చిన్నాయన కూడా ఒప్పుకున్నాడు, గోల్డ్‌స్టారుని మాత్రం పారేయకుండా అటక మీద పెట్టమన్నాడు. గడువుకి ఇంకా నాలుగు నెలలుంది. బ్రాకెట్టు వెల్డింగు ఒక్కటే మిగిలింది.